కొత్త విమానానికి దారి గీసేదెవరు?

2024 జనవరి 18న హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయంలో వింగ్స్ ఇండియా ప్రదర్శన మొదలైనప్పుడు అందరి చూపూ ఒక్క విమానం మీదే నిలిచింది. ఎయిర్ ఇండియా కొత్తగా తెచ్చుకున్న ఎయిర్‌బస్ ఏ350-900 అది. అప్పటిదాకా మన దేశంలో ఏ విమానయాన సంస్థ దగ్గరా లేని రకం. పదిహేను వేల కిలోమీటర్లు ఆగకుండా పోగలదని తయారీ సంస్థ చెబుతుంది. అంటే కాగితం మీద చూస్తే హైదరాబాద్‌లో లేచి అమెరికాలో దిగగలదు. దాన్ని మన ఊళ్లోనే ఆవిష్కరించారు కాబట్టి తెలుగువారికి ఒక ఆశ పుట్టడం సహజమే. నాలుగు రోజుల తర్వాత, జనవరి 22న, ఆ విమానం తొలిసారి ప్రయాణికులతో గాల్లోకి లేచింది. వెళ్లింది బెంగళూరు నుంచి ముంబైకి. రెండు గంటలైనా పట్టని ప్రయాణం.

వేల కోట్ల రూపాయల ఒప్పందాలతో కొన్న సుదూర విమానాన్ని బస్సులాగా ఊరికీ ఊరికీ మధ్య తిప్పడమేమిటని చాలామందికి అనిపించింది. కానీ ప్రపంచంలో చాలా పెద్ద సంస్థలు చేసే పని అదే. బోయింగ్ 787ను అందరికంటే ముందు తెచ్చుకున్నది జపాన్‌కు చెందిన ఆల్ నిప్పాన్ ఎయిర్‌వేస్. 2011 అక్టోబరు 26న నరీటా నుంచి హాంకాంగ్‌కు ఒక ప్రత్యేక ప్రయాణం నడిపి, నవంబరు 1 నుంచి రోజువారీ సర్వీసుకు ఎంచుకున్న ఊళ్లు ఒకయామ, హిరోషిమా. రెండూ టోక్యోకు ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవే. ఐరోపాకు, అమెరికాకు ఆ విమానం వెళ్లింది ఆ తర్వాతే.

దీనికి కారణం పైలట్లు. కొత్త రకం విమానం నడపాలంటే సిమ్యులేటర్‌లో శిక్షణ పూర్తయ్యాక, అనుభవజ్ఞుడైన శిక్షకుడి పక్కన కూర్చుని నిజమైన ప్రయాణాలు చేయాలి. పదహారు గంటల ప్రయాణానికి నలుగురు పైలట్లు వెళ్తే, వాళ్లందరికీ కలిపి దక్కేది ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్. అదే బెంగళూరు–ముంబై–ఢిల్లీ–హైదరాబాద్ మధ్య తిప్పితే ఒక్క రోజులో నాలుగు ల్యాండింగులు వస్తాయి. క్యాబిన్ సిబ్బందికీ, కింద సామాను ఎక్కించేవాళ్లకూ, ఇంజినీర్లకూ చేయి తిరుగుతుంది. ఇంకో భయం కూడా ఉంటుంది. కొత్త మోడల్ మొదటి ఏడాదిలో ఎక్కడ మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. 2013 జనవరిలో 787 బ్యాటరీల్లో మంటలు రావడంతో ప్రపంచవ్యాప్తంగా ఆ విమానాలన్నిటినీ నేలమీదే ఉంచారు. అప్పటికి ఎయిర్ ఇండియా దగ్గర ఉన్న ఆరూ నెలల తరబడి కదల్లేదు. అలాంటిది జరిగినప్పుడు విమానం ఢిల్లీలో ఆగిపోవడం వేరు, విడిభాగాలూ ఇంజినీర్లూ లేని పరాయి దేశంలో ఆగిపోవడం వేరు.

కాబట్టి తొలి రూట్లు వ్యాపారం కోసం వేసినవి కావు, సాధన కోసం వేసినవి. అసలు లెక్క ఆ తర్వాత మొదలవుతుంది. ఎయిర్ ఇండియా ఏ350ను 2024 మే 1న ఢిల్లీ నుంచి దుబాయ్‌కి, సెప్టెంబరు 1న లండన్‌కు, నవంబరు 1న న్యూయార్క్‌కు పంపింది. మూడూ అప్పటికే ఆ సంస్థ నడుపుతున్న రూట్లే. ఒక్క కొత్త ఊరు కూడా లేదు. ఈ వరుసను చూస్తే సంస్థ మనసు తెలుస్తుంది. లండన్ హీత్రూలో దిగేందుకు స్లాట్ దొరకడం గగనం. కాబట్టి దక్కిన స్లాటును అత్యంత విలువైన విమానంతో వాడుకోవాలి. ఢిల్లీ–లండన్, ఢిల్లీ–న్యూయార్క్ మార్గాల్లో కంపెనీల ఖర్చుతో బిజినెస్ క్లాసులో వెళ్లే ప్రయాణికులున్నారు. పాత 777 సీట్లు విరిగిపోయాయని, తెరలు పనిచేయడం లేదని విసుగెత్తి పోటీ సంస్థలకు మళ్లిందీ వాళ్లే. కొత్త విమానాన్ని ముందుగా పంపేది పోయిన ప్రయాణికుణ్ని వెనక్కి తెచ్చుకోవడానికి. కొత్త ప్రయాణికుణ్ని వెతకడం రెండో మెట్టు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ తొలి ఏ350లు మొదట ఎయిర్ ఇండియా కోసం తయారైనవి కావు. రష్యా సంస్థ ఏరోఫ్లోట్ కోసం కట్టినవి. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత ఆంక్షల వల్ల అక్కడికి వెళ్లలేక ఆగిపోయినవి. 28 బిజినెస్ సీట్లు, 24 ప్రీమియం ఎకానమీ, 264 ఎకానమీ, మొత్తం 316 అన్న అమరిక కూడా వేరే సంస్థ తన అవసరాలకు వేసుకున్నదే. తలుపులు మూసుకునే 28 బిజినెస్ గదులున్న విమానం చేతికొస్తే, ఆ 28నీ రోజూ రెండువైపులా నింపగల ఊరేదని చూడాలి. రూటును చూసి విమానాన్ని ఎంచుకుంటారని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది దానికి తలకిందులు. విమానం ముందే వచ్చేస్తుంది, దానిలో సీట్లు ముందే బిగించి ఉంటాయి, దానికి తగిన ఊరును తర్వాత వెతుకుతారు.

మన ఊరి సంగతి ఈ లెక్కలో పెట్టి చూద్దాం. హైదరాబాద్ నుంచి అమెరికాకు నాన్‌స్టాప్ కావాలని తెలుగు సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. ఆ కోరిక వెనక ఉన్న కష్టం నిజమైనది. ఇంగ్లీషు రాని తల్లి ఒంటరిగా దోహాలోనో అబుదాబిలోనో అర్ధరాత్రి దిగి, గేటు నంబరు వెతుక్కుంటూ, వీల్‌చైర్ ఎక్కడ ఇస్తారో తెలియక నిలబడటం మన ఇళ్లలో వినని కథ కాదు. ‘ఫలానా తేదీన డాలస్ వెళ్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, మా అమ్మకు తోడుగా ఉంటారా’ అన్న సందేశం కనిపించని తెలుగు వాట్సాప్ గ్రూపు ఉండదు. ఇంతమంది వెళ్తున్నప్పుడు విమానం ఎందుకు రాదన్నది వాళ్ల ప్రశ్న. మన వినతిపత్రాలన్నీ ఆ ‘ఇంతమంది’ దగ్గరే ఆగిపోతున్నాయి. నెట్‌వర్క్ ప్లానింగ్ విభాగంలో కూర్చున్నవాడు ఆ అంకె తర్వాత అడిగేవి వేరే ఉంటాయి. ఎంతమంది అన్నది కాదు, ఏ టికెట్ మీద? ఏ నెలలో? వెళ్లేటప్పుడా, వచ్చేటప్పుడా?

ఆగస్టులో విద్యార్థులు వెళ్తారు. విమానం ఇక్కడినుంచి నిండుగా పోతుంది, అటునుంచి సగం సీట్లతో తిరిగొస్తుంది. డిసెంబరులో అటునుంచి కుటుంబాలు దిగుతాయి, ఇటునుంచి పోయేవాళ్లు తక్కువ. ఎండాకాలంలో తల్లిదండ్రులు పిల్లల దగ్గరికి బయల్దేరతారు, ఆరు నెలలకు గానీ తిరిగి రారు. వీళ్లలో ఎక్కువమంది నాలుగు నెలల ముందు, అత్యంత చవకైన టికెట్ కోసం రోజూ చూసి చూసి కొనేవాళ్లు. అందులో తప్పేమీ లేదు, సొంత డబ్బు పెట్టే ప్రతివాడూ చేసేదే. అయితే సుదూర విమానం లాభాల్లో నడిచేది ముందు వరుసల్లోని కొన్ని సీట్ల ఆదాయంతో. వెనక 264 సీట్లు నిండినా, ముందు 28 ఖాళీగా ఉంటే ఆ రూటు నష్టాల ఖాతాలోకి వెళ్తుంది. పైగా ఈ ప్రయాణాలన్నీ వీసా అనే ఒక్క తాడు మీద వేలాడుతున్నాయి. 2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం కొన్ని వారాలు ఆపేసింది. ఆ ఆగస్టు సీట్లను నమ్ముకుని రూటు వేసిన సంస్థ ఉంటే దాని గతేమిటి?

సీట్ల లెక్క తర్వాత బరువు లెక్క వస్తుంది. ఈ విషయంలో కరపత్రంలోని అంకెలకూ వాస్తవానికీ చాలా తేడా ఉంటుంది. హైదరాబాద్ నుంచి షికాగోకు సుమారు 13,300 కిలోమీటర్లు. బోయింగ్ తన 787-9 పరిధి 14,010 కిలోమీటర్లని చెబుతుంది. సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ పరిధిని లెక్కగట్టేది గాలి అడ్డం లేని ఆకాశంలో, నిర్ణీత బరువుతో. పడమటికి పోయే విమానానికి ఎదురుగాలి తప్పదు. గమ్యంలో వాతావరణం బాగోకపోతే ఇంకో ఊరికి మళ్లడానికి ఇంధనం మిగిల్చుకోవాలి. పైగా, మోసుకెళ్లే ప్రతి అదనపు టన్ను మీద గంటకు మూడు నాలుగు శాతం చొప్పున, దాన్ని మోయడానికే ఇంకా ఇంధనం కాలుతుంది. పదహారు గంటల ప్రయాణంలో చివరి గంటల కోసం దాచిన ఇంధనంలో దాదాపు సగం మేర, దాన్ని అంతదూరం తీసుకురావడానికే ఖర్చవుతుంది. అందుకే దూరం కాస్త పెరిగితే ఖర్చు కాస్త పెరిగి ఊరుకోదు.

శంషాబాద్‌లోని హైదరాబాద్ విమానాశ్రయం రన్‌వే 4,260 మీటర్లు. పొడవుకు లోటు లేదు. కానీ ఆ విమానాశ్రయం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెల మధ్యాహ్నం నలభై రెండు డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది. రెక్కలకు అందే ఊతం తగ్గుతుంది, ఇంజిను బలమూ తగ్గుతుంది. అదే విమానం, అదే రన్‌వే, కానీ ఎత్తగలిగే బరువు టన్నుల లెక్కన పడిపోతుంది. ఇంధనం తగ్గించడానికి వీల్లేదు కాబట్టి తగ్గించేది సరుకును, ఆపైన సీట్లను. అప్పుడు కొన్ని వరుసలు ఖాళీగా వదిలేసి ఎగరాల్సి వస్తుంది. తెల్లవారుజామున బయల్దేరితే ఈ నష్టం తగ్గుతుంది. అలా బయల్దేరిన విమానం అమెరికాలో ఏ వేళకు దిగుతుంది, అక్కడినుంచి డాలస్‌కో అట్లాంటాకో వెళ్లే కనెక్టింగ్ ఫ్లైట్ అందుతుందా అన్నది వేరే చిక్కు. ఒక ముడి విప్పితే ఇంకోటి బిగుస్తుంది.

ఈ లెక్కలన్నీ కుదిరినా ఆకాశం తెరిచి ఉండాలి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా తన గగనతలాన్ని అమెరికా సంస్థలకు మూసేసింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు నాన్‌స్టాప్ నడుపుతామని యునైటెడ్, సియాటిల్ నుంచి బెంగళూరుకు నడుపుతామని అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రకటించిన సర్వీసులు మొదలు కాకుండానే ముగిసిపోయాయి. భారత్–అమెరికాల మధ్య 2005 నుంచి ఓపెన్ స్కైస్ ఒప్పందం ఉంది. అమెరికా సంస్థ హైదరాబాద్‌కు రావాలనుకుంటే సీట్ల కోటా అడ్డం లేదు, అనుమతి కోసం ఢిల్లీ చుట్టూ తిరగనక్కర్లేదు. అయినా ఏ సంస్థా రాలేదు. ‘కేంద్రం అనుమతివ్వడం లేదు’ అని మన దగ్గర తరచూ వినిపించే మాట అమెరికా విషయంలో నిలవదు. గల్ఫ్ దేశాల విషయంలో ఆ మాట నిజమే, అక్కడ వారానికి ఇన్ని సీట్లన్న కోటా ఉంది.

2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసినప్పుడు ఇంకో పాఠం దొరికింది. ఢిల్లీ నుంచి తాష్కెంట్, అల్మాటీ నగరాలు గాలిదారిలో 1,600 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. పాకిస్థాన్ మీదుగా వెళ్లే వీలు లేకపోవడంతో చుట్టు తిరగాల్సిన దూరం ఇండిగో చిన్న విమానాలకు అందలేదు. ఆ సంస్థ రెండు సర్వీసులనూ ఆపేసింది. ఎయిర్ ఇండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసును ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి నిలిపివేస్తూ చెప్పిన కారణాల్లో ఈ గగనతల మూసివేత ఒకటి. మరమ్మతులకు, కొత్త సీట్ల కోసం విమానాలు వెళ్లడంతో ఏర్పడిన కొరత రెండోది. చేతిలో విమానాలు తగ్గినప్పుడు ఏ రూటు మీద వేటు పడుతుందో గమనించాలి. న్యూయార్క్ ఆగలేదు, లండన్ ఆగలేదు.

ఎందుకో తెలియాలంటే విమానాన్ని గడియారం మీద పెట్టి చూడాలి. నా దృష్టిలో ఈ విషయమంతటికీ ఇదే కీలకం. హైదరాబాద్ నుంచి షికాగోకు పదహారు గంటల పైచిలుకు, తిరుగు ప్రయాణం ఇంకో పదిహేను పదహారు గంటలు. రెండు చోట్లా శుభ్రం చేసి, ఇంధనం నింపి, తనిఖీ చేయడానికి చెరో మూడు గంటలు వేసుకుంటే ఒక విడత పూర్తి కావడానికి ముప్పై ఎనిమిది గంటలు పడుతుంది. రోజూ ఒక సర్వీసు నడపాలంటే రెండు విమానాలు పూర్తిగా దీనికే కేటాయించాలి. ఒకటి చెడితే ఆదుకోవడానికి మూడోది ఎక్కడో సిద్ధంగా ఉండాలి. అదే హైదరాబాద్–లండన్ అయితే పోను పది గంటలు, రాను అంతకన్నా కాస్త తక్కువ. మధ్యలో విరామాలు కలిపినా ఇరవై నాలుగు గంటల్లో ఒక్క విమానమే వెళ్లి వచ్చేస్తుంది. షికాగోకు రోజుకొక సర్వీసు నడిపే రెండు విమానాలతో లండన్ దూరంలో ఉన్న రెండు ఊళ్లకు రోజూ సర్వీసు నడపొచ్చు. కాబట్టి షికాగో టికెట్ మీద వచ్చే ఆదాయం లండన్ టికెట్‌కు రెట్టింపు కాకపోతే సంస్థ అటు చూడదు. కానీ గల్ఫ్‌లో ఒకసారి మారి వెళ్లే టికెట్లు చవగ్గా దొరుకుతున్నంతకాలం నాన్‌స్టాప్‌కు ఆ రెట్టింపు ధర ఇచ్చేవాళ్లు తక్కువే.

హైదరాబాద్–షికాగో ప్రయోగం జరగలేదని కాదు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా ఆ సర్వీసును మొదలుపెట్టింది. బోయింగ్ 777-200ఎల్ఆర్, 238 సీట్లు, వారానికి ఒక్కసారి. తొలి ప్రయాణాన్ని పండగలా జరుపుకున్నాం. ఆ సర్వీసు ఎక్కువకాలం నిలవలేదు. అది నిలవకపోవడానికి కొవిడ్‌ను ఒక్కదాన్నే తప్పుపట్టడం సరికాదని నా అభిప్రాయం. వారానికి ఒక్కసారి నడిచే విమానాన్ని ఏ కంపెనీ ఉద్యోగీ నమ్ముకోలేడు. బుధవారం పని ముగిస్తే మళ్లీ వచ్చే విమానం దాకా ఎవరు ఆగుతారు? రద్దయితే ఇంకో వారం పడిగాపులే. ముందు సీట్లు నింపేవాడిని మొదటి రోజే దూరం చేసిన షెడ్యూలు అది. పైగా ఆ విమానమూ, సిబ్బందీ, మరమ్మతు వ్యవస్థా అన్నీ ఢిల్లీ కేంద్రంగా ఉన్నవి. సంస్థ కోణంలో హైదరాబాద్ ప్రయాణికుడు ఢిల్లీ వెళ్లి అక్కడి అమెరికా విమానాన్నే నింపుతున్నాడు. అతనికి ఇంటి దగ్గరే విమానం ఇస్తే ఢిల్లీ విమానంలో ఒక సీటు ఖాళీ అవుతుంది తప్ప కొత్త ఆదాయం రాదు. ఇది మనకు రుచించని మాటే, కానీ లెక్క అదే చెబుతుంది.

ఒకే విమానం, ఒకే సంస్థ, దాదాపు ఒకే కాలం, అయినా రెండు ఊళ్లకు రెండు గతులు పట్టిన ఉదంతం ఒకటుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2013 సెప్టెంబరులో లండన్ నుంచి చైనాలోని చెంగ్డూకు సర్వీసు మొదలుపెట్టి, కొంతకాలానికి 787ను ఆ రూట్లో పెట్టింది. 2014 మార్చి 3న అమెరికాలోని ఆస్టిన్‌కు అదే 787ను పంపింది. జనాభా చూస్తే ఆస్టిన్ చెంగ్డూ ముందు ఆనదు. చెంగ్డూ కోటికి పైగా జనం ఉన్న మహానగరం. కానీ 2017 జనవరిలో చెంగ్డూ సర్వీసు ఆగిపోయింది. ఆస్టిన్‌కు మాత్రం కొన్నేళ్లలోనే 787 చాలక అంతకన్నా పెద్ద విమానాలు వేయాల్సి వచ్చింది. ఆస్టిన్‌లో కంప్యూటర్ కంపెనీలున్నాయి, వాటి ఉద్యోగులకు లండన్‌లో పనులున్నాయి, అట్లాంటిక్ మీద టికెట్ల ఆదాయం పంచుకునే అమెరికన్ ఎయిర్‌లైన్స్ అక్కడ టికెట్లు అమ్మిపెట్టింది. చెంగ్డూలో ఆ అండ లేదు. రెండు ఊళ్ల మధ్య తేడా జనసంఖ్యలో కనిపించలేదు, వెళ్లి రావాల్సిన పని ఎవరికి ఉందన్నదాంట్లో కనిపించింది.

ఇప్పుడు రంగంలోకి దిగిన కొత్త మోడల్ ఏ321ఎక్స్ఎల్ఆర్. సన్నటి విమానం, మధ్యలో ఒకటే నడవ, అయినా పరిధి 8,700 కిలోమీటర్లు. మూడు వందల సీట్లు నింపలేని ఊరికి నూట ఎనభై సీట్లతో వెళ్లొచ్చు. 2024 నవంబరు 14న స్పెయిన్ సంస్థ ఐబీరియా దీన్ని తొలిసారి అట్లాంటిక్ దాటించి మాడ్రిడ్–బోస్టన్ మధ్య నడిపింది. అది కూడా తనకు బాగా తెలిసిన పాత రూటే. కొత్త ఊళ్ల వంతు ఆ తర్వాత వచ్చింది. ఐర్లాండ్‌కు చెందిన ఏర్ లింగస్ 2025 వేసవిలో డబ్లిన్ నుంచి నాష్‌విల్‌కు, ఇండియానాపొలిస్‌కు ఎక్స్ఎల్ఆర్ వేసింది. ఇండియానాపొలిస్ మన పాఠకులు గుర్తుపెట్టుకోదగ్గ ఊరు. ఎలై లిల్లీ అనే మందుల సంస్థకు అది పుట్టిల్లు. ఆ సంస్థ 2025 ఆగస్టులో హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం తెరిచింది. ఐరోపాకు విమానం కోసం ఇండియానా రాష్ట్రం 2018లో డెల్టా సంస్థకు ప్రోత్సాహకాలిచ్చి పారిస్ సర్వీసు రప్పించుకుంది. కొవిడ్‌లో అది పోయింది. తగిన సైజు విమానం తయారయ్యాక ఇంకో సంస్థ వచ్చింది. ఓపిక పట్టిన ఊరికి దక్కింది.

మన దేశంలో ఎక్స్ఎల్ఆర్‌ను ముందుగా తెచ్చుకున్నది ఇండిగో. 12 బిజినెస్, 183 ఎకానమీ, మొత్తం 195 సీట్లు. దానికి ఎంచుకున్న తొలి ఐరోపా నగరం ఏథెన్స్, బయల్దేరేది ముంబై, ఢిల్లీల నుంచి. అప్పటికి భారత సంస్థలేవీ నేరుగా వెళ్లని ఊరు, దూరం ఐదు వేల కిలోమీటర్ల చిల్లర, విమానం పరిధికి చాలా లోపల. గగనతలం మూసి ఉండి చుట్టు తిరగాల్సి వచ్చినా తట్టుకుంటుంది. పరిధి అంచున ఉన్న లండన్‌ను వదిలి మధ్యలో ఉన్న ఏథెన్స్‌ను పట్టుకోవడం తెలివైన ఎంపిక అంటాను. హైదరాబాద్ నుంచి కూడా ఏథెన్స్ ఆ పరిధిలోనే ఉంటుంది. ఇక్కడినుంచి దక్షిణ ఐరోపాకు, తూర్పు ఆసియాకు ఎక్స్ఎల్ఆర్ నడపడం సాధ్యమే. మనం అమెరికా నాన్‌స్టాప్ మీదే చూపు నిలిపి, చేతికందే ఈ ఊళ్లను అడగడమే లేదు. లుఫ్తాన్సా 2024 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి, కేఎల్ఎం 2025 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి శంషాబాద్‌కు వచ్చాయంటే ఇక్కడ టికెట్ కొనేవాళ్లున్నట్టే.

ప్రభుత్వాలు డబ్బు పెట్టి విమానాన్ని రప్పించొచ్చు. విజయవాడ ఆ పని చేసి చూసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టం వస్తే భరిస్తామని ఒప్పుకోవడంతో 2018 డిసెంబరులో ఇండిగో విజయవాడ–సింగపూర్ సర్వీసు మొదలుపెట్టింది. 2019లో ప్రభుత్వం మారింది, చెల్లింపు ఆగింది, విమానమూ ఆగింది. ఒక రూటు తనకాళ్ల మీద నిలబడటానికి కనీసం రెండు మూడేళ్లు పడుతుంది. ట్రావెల్ ఏజెంట్లు అలవాటు పడాలి, కంపెనీలు ఒప్పందాలు చేసుకోవాలి, అటువైపు ఊళ్లో మన ఊరి పేరు తెలియాలి. ఆరునెలల ఒప్పందంతో మొదలుపెట్టి, ఎన్నికలతో ఆపేస్తే ప్రజాధనం పోవడమే తప్ప మిగిలేది లేదు. 2025 నవంబరులో ఆ సర్వీసు మళ్లీ మొదలైంది. ఈసారైనా దాన్ని పార్టీల పద్దులో వేయకుండా నడవనివ్వాలి.

రాబోయే కొద్ది సంవత్సరాలు మనకు ముఖ్యమైనవి. ఎయిర్ ఇండియా 2023లో ఇచ్చిన ఆర్డర్లలో ఏ350లోనే పెద్ద రకమైన ఏ350-1000 విమానాలు 34 ఉన్నాయి.  ఇండిగో 60 ఏ350-900లకు ఆర్డరిచ్చింది. ఇవి ఒక్కొక్కటే దేశంలో దిగుతున్నప్పుడు ఏది ఏ ఊరి నుంచి ఎగరాలన్న నిర్ణయం, విమానం రావడానికి ఎన్నో నెలల ముందే అయిపోతుంది. విమానం వచ్చాక ఇచ్చే వినతిపత్రం వల్ల ఉపయోగం లేదు. ఆ నిర్ణయం జరిగే గదిలో హైదరాబాద్ తరఫున ఏం పెడుతున్నామన్నది ప్రశ్న.

పెట్టడానికి మన దగ్గర సరుకుంది. గూగుల్, మైక్రోసాఫ్ట్, అమెజాన్, యాపిల్ వంటి సంస్థల భారీ కార్యాలయాలు ఇక్కడున్నాయి. వాటి ఉద్యోగులు ఏడాదికి ఎన్ని బిజినెస్ టికెట్లు కొంటున్నారు, ఏ ఊళ్లకు కొంటున్నారు అన్న లెక్కను కంపెనీలనుంచి సేకరించి, తొలి రెండేళ్లకు ఇన్ని సీట్లు కొంటామని రాతపూర్వకంగా హామీ ఇప్పించగలిగితే అది లక్ష సంతకాల కంటే బలమైన పత్రం. అమెరికాలో కొన్ని చిన్న నగరాల వ్యాపారులు కొత్త విమానం కోసం టికెట్ల సొమ్ము ముందే కూడబెట్టి సంస్థల ముందు పెడతారు. మన పారిశ్రామిక సంఘాలు ఆ పని చేయలేనంత పేదవి కావు. మందులు, టీకాల ఎగుమతి ఇంకో బలం. విమానం పొట్టలో ఉష్ణోగ్రత చెదరకుండా వెళ్లే మందుల పెట్టెలు, ఖాళీగా పోయే సీటుకు నష్టం పూడ్చగలవు. ఫిబ్రవరిలో విద్యార్థులుండరు, మందుల ఎగుమతి మాత్రం ఆగదు. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ ప్రయాణాలు ఒకే టెర్మినల్‌లో ఉండటం మూడో సౌలభ్యం. విజయవాడ, విశాఖ, తిరుపతి, రాజమండ్రి నుంచి వచ్చే సాయంత్రపు విమానాలను రాత్రి బయల్దేరే విదేశీ సర్వీసులకు అందేలా కుదిర్చితే, రెండు రాష్ట్రాల ప్రయాణికులూ ఒకే విమానాన్ని నింపుతారు. ఇందులో ఆంధ్రా, తెలంగాణ అన్న పట్టింపు పెట్టుకుంటే రెండిటికీ నష్టమే.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ, శంషాబాద్ నిర్వాహకులకూ, పారిశ్రామిక సంఘాలకూ ఒక విన్నపం. వచ్చే ఏ350ల రూట్లు ఖరారు కాకముందే ఉమ్మడిగా ఒక బృందాన్ని ఏర్పాటు చేయండి. నెలవారీగా, తరగతివారీగా, రానుపోను ప్రయాణికుల లెక్కను కంపెనీల హామీలతో, ఎగుమతి సరుకు అంచనాలతో కలిపి ఎయిర్ ఇండియా, ఇండిగోల ముందు పెట్టండి. ప్రజాధనంతో నష్టపరిహారం ఇస్తామంటే, ఎంతకాలం, ఎంత పరిమితి, ఏ షరతుల మీద అన్నది ఒప్పందంలో రాసి శాసనసభ ముందుంచండి. వారానికి ఒక్కసారి విమానమంటే మాత్రం వద్దని చెప్పండి. కనీసం నాలుగు రోజులైనా నడపలేని సర్వీసు ఏడాది తిరగకముందే పోతుంది. పోయిన రూటును మళ్లీ తేవడం, కొత్త రూటును తేవడం కన్నా కష్టం.